ముందుగా అడగడం: స్పానిష్ మాట్లాడేవాళ్ళకు ఇంగ్లీషు నేర్పిన నా అనుభవం

మొదటి రోజు క్లాసులో నేను అడిగిన మొదటి ప్రశ్న, "వేర్ డూ యూ లివ్?" ముందు వరుసలో కూర్చున్న ఆవిడ నా కళ్ళలోకి చూసి, నవ్వి, "ఎస్" అంది. అర్థం కాలేదేమోనని ఇంకోసారి, నెమ్మదిగా అడిగాను. ఇంకొంచెం గట్టిగా "ఎస్, ఎస్" అంది. పక్కనున్న ఆయన్ని అడిగితే ఆయనా తలూపాడు. ఆ గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. ఎక్కువమంది అమెరికా వచ్చి ఐదారేళ్ళు దాటినవాళ్ళే. "ఎస్" అనేది వాళ్ళకు జవాబు కాదు, ఎదుటి మనిషి మాట ఆగేదాకా పట్టుకునే గొడుగు. అది నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే 2016లో నేను ఈ దేశంలో దిగిన కొత్తలో ఆ గొడుగు కిందే నిలబడ్డాను.

మాది ప్రకాశం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. తర్వాత బీఎస్సీ, బీఈడీ చేసి ఒంగోల్లో కొన్నాళ్ళు లెక్కలు చెప్పాను. పెళ్ళయ్యాక మా వారి ఉద్యోగం వల్ల డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చాం. నాది హెచ్ ఫోర్ వీసా, ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది. మా వారి గ్రీన్ కార్డు కాగితాలు అప్పటికి ఇంకా ముందుకు కదల్లేదు, అందుకని నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. జీతం లేకుండా సేవ చేయడానికి మాత్రం అడ్డు లేదు. మా ఇంటికి దగ్గర్లోని లైబ్రరీలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే క్లాసుకి వాలంటీర్లు కావాలని బోర్డు కనిపించింది. పేరిచ్చాను. ఒక శనివారం శిక్షణ ఇచ్చి, మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మొదటి మెట్టు క్లాసు నాకప్పగించారు.

ఇర్వింగ్ అనగానే మనవాళ్ళకు ఇండియన్ షాపులు, గుళ్ళు గుర్తొస్తాయి. కానీ ఇక్కడ మన భాషలకన్నా ఎక్కువగా వినిపించేది స్పానిష్. అమెరికా మొత్తంలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు నాలుగు కోట్లకు పైనే. నా క్లాసులో మెక్సికో వాళ్ళు ఎక్కువ. ఎల్ సాల్వడార్, హోండురాస్ వాళ్ళు నలుగురైదుగురు, వెనెజువెలా నుంచి ఒక జంట. ఇళ్ళు శుభ్రం చేసేవాళ్ళు, ఎయిర్‌పోర్టు దగ్గరి హోటళ్ళలో గదులు సర్దేవాళ్ళు, వంటగదుల్లో పనిచేసేవాళ్ళు, ఇళ్ళకు పైకప్పులు వేసేవాళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ వడగళ్ళ వాన పడితే ఆ వారం పైకప్పుల పనివాళ్ళు ఒక్కరూ క్లాసుకి రారు. వాళ్ళకది సీజను. మొదట్లో చదువు మీద శ్రద్ధ లేదేమో అనుకున్నాను. తర్వాత కారణం తెలిసి, వడగళ్ళు పడితే ఆ వారం పాఠాన్ని పై వారం మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.

మొదటి మూడు వారాలు నేను మా స్కూల్లో నేర్చుకున్నట్టే నేర్పాను. బోర్డు మీద గళ్ళు గీసి, డూ, డజ్, డిడ్, ఈజ్, ఆర్. మామూలు వాక్యాన్ని ప్రశ్నగా మార్చండి. మన పదో తరగతి పరీక్షల్లో ఇచ్చే బిట్లలాగే. నోటుబుక్కుల్లో అందరూ చక్కగా మార్చారు. కానీ క్లాసు అయ్యాక టాయిలెట్ ఎక్కడుందో కావాల్సివస్తే నన్నడక్కుండా, ఇంగ్లీషు వచ్చిన తమ పిల్లల్ని పంపి అడిగించేవారు. పద్నాలుగు మంది కాస్తా తొమ్మిదిమంది అయ్యారు. నేను కూడా అలా వందల వాక్యాలు మార్చి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పదో తరగతి అయ్యేదాకా ఇంగ్లీషులో ఒక్క మనిషిని ఒక్క ప్రశ్న అడిగిన గుర్తు లేదు. కాగితం మీద మార్చడం వేరు, తెలియని విషయం తెలుసుకోవడానికి నోరు తెరవడం వేరు. ఆ తేడా నాకు తెలిసి కూడా, బోర్డు ముందు నిలబడగానే పాత అలవాటే చేతిలోకి వచ్చేసింది.

నాలుగో వారం ఒకటి జరిగింది. మొదటి రోజు "ఎస్" అన్న ఆవిడ, హోండురాస్ నుంచి వచ్చిన ఆవిడ, గురువారం క్లాసుకి ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఏమైందని అడిగితే వెనెజువెలా అమ్మాయి సాయంతో చెప్పింది. డాక్టరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అపాయింట్‌మెంట్ థర్స్‌డే అన్నారు. ఈవిడకు ట్యూస్‌డే అని వినిపించింది. మూడుసార్లు చెప్పారట, మూడుసార్లూ "ఎస్" అంది. మంగళవారం పని మానుకుని, రెండు బస్సులు మారి వెళ్తే ఇవాళ కాదన్నారు. ఒక రోజు కూలీ పోయింది. మళ్ళీ గురువారం సెలవడిగే ధైర్యం లేక వెళ్ళలేదు.

ఆ కథ వింటున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది. ఆవిడ నోటిలో "ట్యూస్‌డే ఆర్ థర్స్‌డే?" అనే మూడు మాటలుంటే ఆ రోజు పోయేది కాదు. గ్రామరు అక్కర్లేదు, డూ కూడా అక్కర్లేదు. నేను మూడు వారాలుగా గళ్ళు గీస్తున్నాను గానీ ఈ మూడు మాటలు ఇవ్వలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి పాఠాల పుస్తకం పక్కనపెట్టి, తెల్ల కాగితం మీద ఆరు ప్రశ్నలు రాసుకున్నాను. "కుడ్ యూ రిపీట్ దట్, ప్లీజ్?" "కుడ్ యూ స్పీక్ మోర్ స్లోలీ?" "వాట్ డజ్ దట్ మీన్?" "హౌ డూ యూ సే దిస్ ఇన్ ఇంగ్లీష్?" "హౌ డూ యూ స్పెల్ ఇట్?" "కెన్ యూ రైట్ ఇట్ డౌన్?" తర్వాతి వారమంతా ఇవే. వీటిని వివరించలేదు, విడదీయలేదు. మన పిల్లలకు పద్యం నేర్పినట్టు మొత్తంగా నోటికి ఎక్కించాను. నేను కావాలనే వేగంగా, గొణుగుతూ ఏదో చెప్పేదాన్ని. ఎవరో ఒకరు ఆపి అడిగేదాకా ఆగేదాన్ని కాదు. ముందు నవ్వులు, తర్వాత మౌనం, తర్వాత పైకప్పుల పనాయన చెయ్యెత్తి, "టీచర్, స్లోలీ, ప్లీజ్?" అన్నాడు. ఆ క్లాసులో నన్ను ఆపిన మొదటి మనిషి ఆయన.

అదే వారం నేను స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. వాళ్ళు ఏ వాక్యం మనసులో పెట్టుకుని ఇంగ్లీషులోకి వస్తున్నారో తెలియకపోతే వాళ్ళ తప్పులు నాకు అర్థం కావు. ఇక్కడ తెలుగు నాకు చాలా సాయపడింది. స్పానిష్‌లో అచ్చులు ఐదే, ఆ, ఎ, ఇ, ఒ, ఉ. మనకున్నవే. వాళ్ళ త, ద మన త, ద లాగే పళ్ళకు తగిలి పలుకుతాయి, ఇంగ్లీషువాళ్ళ ట, డ లాగా కాదు. అందుకని నోటుబుక్కులో స్పానిష్‌ని తెలుగు లిపిలో రాసుకున్నాను. "దె దోందె ఎస్?" అంటే "ఎక్కడి నుంచి?" "క్వాంతో క్వేస్తా?" అంటే "ఎంత ఖరీదు?" ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నదానికన్నా ఇలా రాసుకున్నది చదివితే వాళ్ళకు బాగా అర్థమయ్యేది. ఇంకో పోలిక కూడా దొరికింది. వాళ్ళు స్కూలుని "ఎస్కూల్" అంటారు, స్ట్రీట్‌ని "ఎస్ట్రీట్" అంటారు. మాట మొదట్లో స తర్వాత ఇంకో హల్లు వస్తే ముందు ఒక అచ్చు పెట్టుకోకుండా ఉండలేరు. మా నాయనమ్మ "ఇస్కూలు", "ఇస్టేషను" అనేది. వాళ్ళు పలికినప్పుడల్లా నాకు మా నాయనమ్మే వినిపించేది.

ఇక అసలు చిక్కు డూ. స్పానిష్‌లో "మీరు ఇక్కడ పనిచేస్తారు", "మీరు ఇక్కడ పనిచేస్తారా" అనే రెండింటికీ మాటలు అవే ఉండొచ్చు, వరుస కూడా అదే ఉండొచ్చు. గొంతు పైకి లేపితే ప్రశ్న, దించితే వాక్యం. అందుకే వాళ్ళు ఇంగ్లీషులో కూడా "యూ వర్క్ హియర్?" అని గొంతు లేపి ఊరుకుంటారు. డూ అనే మాట అక్కడెందుకో వాళ్ళకు బోధపడదు. దానికి అర్థమేంటని అడుగుతారు. అర్థం లేదంటే నమ్మరు. అర్థం లేని మాటను రోజూ నోట్లో ఎందుకు పెట్టుకుంటారు?

జవాబు నాకు వాళ్ళ రాతలోనే దొరికింది. స్పానిష్‌లో ప్రశ్న రాసేటప్పుడు చివర మామూలు ప్రశ్నార్థకంతో పాటు మొదట్లో తలకిందుల ప్రశ్నార్థకం కూడా పెడతారు. 1754లో స్పెయిన్ భాషా అకాడెమీ దాన్ని తెచ్చింది. మాటల వరుస మారని భాషలో పొడుగు వాక్యం చదివేవాడికి అది ప్రశ్న అని చివరిదాకా తెలియదు, గొంతు ఎక్కడ లేపాలో తెలియదు. అందుకని ముందే ఒక గుర్తు. నేను బోర్డు మీద ఆ తలకిందుల గుర్తు పెద్దగా గీశాను. దాని కింద డూ అని రాశాను. ఆ గుర్తు మీరు రాస్తారు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని నోటితో పలుకుతారు, అంతే, అన్నాను. అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనెజువెలా అమ్మాయి "ఆఆ" అని, వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు గబగబా చెప్పేసింది. వంటగదిలో పనిచేసే కుర్రాడు తన నోటుబుక్కులో ప్రతి డూ పక్కనా ఆ గుర్తు గీసుకోవడం చూశాను.

మనకైతే ఈ గుర్తు మాట తోకలో ఉంటుంది. "వస్తావు" అనేదానికి ఒక దీర్ఘం తగిలిస్తే "వస్తావా". మనకు చివర, ఇంగ్లీషువాళ్ళకు ముందు, స్పానిష్‌వాళ్ళకు గొంతులో. ఇది వాళ్ళకూ చెప్పాను. "పనిచేస్తారు, పనిచేస్తారా" అని పలికి వినిపిస్తే ఆ చివరి ఆ ఒక్కదాన్నీ పట్టుకుని క్లాసంతా ఆ ఆ అంటూ అనేశారు. భాష ఏదైనా ప్రశ్నకు ఒక గుర్తు కావాలని వాళ్ళ చెవులకే తెలిసింది.

డూ కుదిరాక డజ్ దగ్గర మళ్ళీ ఆగాం. "డజ్ షీ వర్క్స్?" అని అందరూ అంటారు. ఆ చివరి స ఒకటే, అది డజ్‌లోకి వెళ్ళిపోయిందని వేలితో చూపించాలి. ఒక చిన్న అయస్కాంతం మీద స అనే ధ్వనికి ఇంగ్లీషు అక్షరం రాసి, బోర్డు మీద వర్క్స్ చివర్నుంచి తీసి డూ పక్కన అంటించేదాన్ని. డిడ్‌తో కూడా ఇంతే, "డిడ్ యూ వెంట్?" అంటారు, మనవాళ్ళూ అంటారు. "హూ లివ్స్ హియర్?" లాంటివాటిలో డూ రాదని మాత్రం అప్పుడు చెప్పలేదు. అన్నీ ఒకేసారి చెబితే మొదటిది కూడా జారిపోతుంది.

ఒకరోజు పైకప్పుల పనాయన మంచి ప్రశ్న అడిగాడు. కొట్లో కౌంటర్ దగ్గర అమ్మాయి "యూ నీడ్ ఎ బ్యాగ్?" అంటుంది, డూ అనదు కదా, మరి మాకెందుకు? నిజమే. ఇక్కడివాళ్ళు మాటల్లో డూ మింగేస్తారు. నేను దాచకుండా చెప్పాను. ఎదురుగా ఉండి గొంతు లేపి అడిగితే డూ లేకపోయినా అందరికీ అర్థమవుతుంది, మీరు తప్పు చేసినట్టు కాదు. కానీ ఫోన్లో, హడావిడిగా ఉన్న ఆఫీసులో, వేరే యాసలో మీరు గొంతు లేపింది వాళ్ళకు తెలియకపోవచ్చు. ప్రశ్న అడిగాననుకుని మీరు ఆగుతారు, ఏదో చెప్పారనుకుని వాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. డూ అంటే వినేవాళ్ళకు ముందే తెలుస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి, బాస్‌తో ఫోన్లో మాట్లాడినప్పుడు ఇలాగే అవుతోందని చెప్పాడు.

వాళ్ళ మిగతా ప్రశ్నలు వింటుంటే మన మాటలే కనిపించేవి. వయసు అడగడానికి "హౌ మెనీ ఇయర్స్ డూ యూ హ్యావ్?" అంటారు. స్పానిష్‌లో ఏళ్ళు ఉంటాయి మనిషికి. మనమూ "నీకు ఎన్నేళ్ళు?" అనే అంటాం. "ఫ్రమ్ వేర్ ఆర్ యూ?" అంటారు, మనకూ "ఎక్కడి నుంచి" అనేది ఒక్క ముక్కే, నుంచిని విరిచి వాక్యం చివర పడేయడం మనకూ కొత్తే. "వాట్ టైమ్ ఈజ్?" అని ఇట్ వదిలేస్తారు. మనం "టైమెంత?" అంటాం, మనకూ ఆ ఇట్ లేదు. హౌ మచ్, హౌ మెనీ దగ్గర మాత్రం మనకు సులువు, వాళ్ళకు కష్టం. మనకు ఎంత, ఎన్ని అని రెండు మాటలున్నాయి. వాళ్ళకు ఒకే మాట రూపం మార్చుకుంటుంది. ఇంకొకటి నాకు చాలా ఇష్టమైనది. స్పానిష్‌లో ప్రశ్న అడగడానికి ఒక క్రియ, వస్తువు అడగడానికి వేరే క్రియ. పైగా వాళ్ళు ప్రశ్నను "చేస్తారు", అందుకని "కెన్ ఐ మేక్ ఎ క్వశ్చన్?" అంటారు. ఇంగ్లీషులో రెండింటికీ ఆస్క్. తెలుగులోనూ రెండింటికీ అడగడమే. దారి అడుగుతాం, మంచినీళ్ళూ అడుగుతాం. ఈ ఒక్క విషయంలో మేము ఇంగ్లీషువాళ్ళ వైపున్నామని చెబితే మెక్సికో పెద్దాయన తల పంకించాడు.

ఆ పెద్దాయన గురించి చెప్పాలి. అరవై దాటాయి, తోటపని చేస్తాడు. ఆయన ఎంతో తక్కువ మాట్లాడేవాడు. కారణం గ్రామరు కాదు. స్పానిష్‌లో మన నువ్వు, మీరు లాగే తూ, ఉస్తెద్ ఉన్నాయి. హోండురాస్, ఎల్ సాల్వడార్ వాళ్ళయితే దగ్గరివాళ్ళను వోస్ అంటారు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ. తన యజమానిని యూ అంటే నువ్వు అన్నట్టవుతుందేమోనని ఆయన భయం. అందుకని అడగడమే మానేశాడు. ఈ టెన్షన్ ఇంగ్లీషు మాత్రమే వచ్చిన టీచరుకు తట్టదేమో గానీ నాకు వెంటనే అర్థమైంది. మా మామగారితో ఫోన్లో ఏకవచనం దొర్లితే నాకెలా ఉంటుందో తెలుసు. ఇంగ్లీషులో ఆ మర్యాద యూలో ఉండదు, వాక్యం మొదట్లో ఉంటుందని చెప్పాను. "కెన్ యూ" అంటే తూ అనుకోండి, "కుడ్ యూ, ప్లీజ్" అంటే ఉస్తెద్ అనుకోండి. పూర్తిగా సరిపోదు కానీ దగ్గరగా ఉంటుంది. అలాగే మెక్సికోలో పెద్దల మాట వినపడకపోతే "మాందే?" అంటారు, చెప్పండి అన్నంత మర్యాదగా. "వాట్?" అనడం ఆయనకు ఇష్టం లేదు. "సారీ?" అనొచ్చన్నాను. ఆ రోజు నుంచి ఆయన అడగడం మొదలుపెట్టాడు. ప్రతిదానికీ ముందు "కుడ్ యూ, ప్లీజ్" వచ్చేది, టోపీ తీసి పట్టుకున్నట్టుగా.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది స్పెల్లింగు అడగడం, చెప్పడం. ఇంగ్లీషులో ఏ (A), ఈ (E), ఐ (I) అని పిలిచే అక్షరాలను స్పానిష్‌లో ఆ, ఎ, ఈ అని పిలుస్తారు. అంటే వాళ్ళు తమ I అక్షరాన్ని ఈ అని పలికితే అవతలివాళ్ళు ఇంగ్లీషు E రాసుకుంటారు. తమ E అక్షరాన్ని ఎ అని పలికితే అవతల A అవుతుంది. పైగా వాళ్ళకు వి, బి ఒకేలా పలుకుతాయి. రివేరా అనే ఇంటిపేరు ఫోన్లో చెబితే రెబారా అయి కూర్చుంటుంది. ఆ తర్వాత మందుల షాపులో పేరు దొరకదు, స్కూల్లో పేరు దొరకదు. ఇంత పెద్ద ఇబ్బందికి కారణం మూడు అచ్చుల పేర్లు. నా ఇంటిపేరు కూడా పొడుగే, ప్రతి ఫోన్‌కాల్‌లో అక్షరం అక్షరం చెప్పాల్సిందే, కాబట్టి ఈ పని నాకు అలవాటు. "వీ యాజ్ ఇన్ విక్టర్, బీ యాజ్ ఇన్ బాయ్" అని చెప్పే పద్ధతి నేర్పాను. ప్రతి ఒక్కరూ తమ పేరుకు, పిల్లల పేర్లకు, వీధి పేరుకు ఇలా ఒక అట్టముక్క రాసుకుని పర్సులో పెట్టుకున్నారు. ఇద్దరిద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, ఒకళ్ళు చెబితే ఒకళ్ళు రాయాలి. ముఖం కనపడకూడదు, ఫోన్లో కనపడదు కదా.

ఇలాంటి ఆటలే మాకు బాగా పనికొచ్చాయి. అద్దె ఇంటి ప్రకటన ఒకటి రెండు కాగితాలుగా చేసేదాన్ని. ఒకదాంట్లో అద్దె ఉంటుంది, డిపాజిట్ ఉండదు. రెండోదాంట్లో డిపాజిట్ ఉంటుంది, అద్దె ఉండదు. "హౌ మచ్ ఈజ్ ద డిపాజిట్?" "ఈజ్ వాటర్ ఇన్‌క్లూడెడ్?" అని అడిగి తెలుసుకోవాలి, కాగితం చూపించకూడదు. నిజంగా తెలియనిదాన్ని అడిగినప్పుడే నోరు తెరుచుకుంటుంది. చేతిలో పెన్ను చూపించి "ఇదేంటి?" అని అడిగితే, పెన్నని అందరికీ తెలుసు, దానికి జవాబు చెప్పడంలో ఎవరికీ ఆసక్తి ఉండదు. నేను మానేసిన ఇంకో ప్రశ్న "డూ యూ అండర్‌స్టాండ్?" దానికి ఎప్పుడూ ఎస్ అనే వస్తుంది. దాని బదులు "క్లాసు ఏ రోజు? ఎన్ని గంటలకు?" అని అడిగితే అర్థమైందో లేదో జవాబులోనే తెలుస్తుంది. అడిగాక ఆగడం కూడా నేర్చుకున్నాను. లెక్కల టీచరుగా నాకు ఆగే అలవాటు లేదు, మూడు సెకన్లు దాటితే నేనే చెప్పేసేదాన్ని. మనసులో పది లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాక, ఏడో ఎనిమిదో అంకె దగ్గర జవాబులు రావడం గమనించాను.

ఒక ప్రశ్న మాత్రం వరుసలో లేకపోయినా ముందే నేర్పాను. "కెన్ ఐ హ్యావ్ యాన్ ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్?" 1964 నాటి పౌరహక్కుల చట్టం వల్ల ఫెడరల్ ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, ఆఫీసులు ఇంగ్లీషు రానివాళ్ళకు భాష సాయం ఇవ్వాలి, దానికి వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇది నా క్లాసులో సగం మందికి తెలియదు. పదేళ్ళ కూతుర్ని స్కూలు మాన్పించి ఆసుపత్రికి తీసుకెళ్ళి, తన జబ్బు సంగతులు ఆ పిల్ల నోటితో చెప్పించిన తల్లి మా క్లాసులో ఉంది. ఆ మాట చెబుతూ ఆవిడ ఏడ్చింది. మన ఊళ్ళ నుంచి వచ్చే అమ్మానాన్నలకు కూడా ఈ ప్రశ్న నేర్పి పంపాలి. చాలాచోట్ల ఫోన్ మీద తెలుగు మాట్లాడే మనిషిని కలుపుతారు. కొడుకు ఆఫీసుకి సెలవు పెట్టి పక్కన కూర్చోవాల్సిన పనిలేదు, తనకు చెప్పుకోవాలనిపించింది ఆ అమ్మ తనే చెప్పుకోవచ్చు.

నవంబరు వచ్చేసరికి క్లాసు మళ్ళీ పన్నెండుకు చేరింది. హోండురాస్ ఆవిడ ఒక మంగళవారం అందరికన్నా ముందు వచ్చి, పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు బల్ల మీద పరిచింది. డాక్టరు ఆఫీసు వాళ్ళ చిన్న చీటీ. దాని మీద నీలి పెన్నుతో, గుండ్రటి రాతలో, వచ్చే నెల తేదీ, రోజు, 10:15 అని రాసి ఉంది. రోజు పేరు కింద రెండు గీతలు. ఆ రాత ఆవిడది కాదు, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిది. ఈసారి ఆవిడ ఫోన్ కోసం చూడలేదు, తనే వెళ్ళింది. ఏమేం అడిగిందో వేళ్ళ మీద లెక్కపెడుతూ ఇంగ్లీషులోనే చెప్పింది. "ట్యూస్‌డే ఆర్ థర్స్‌డే?" ఒకటి. "కుడ్ యూ రిపీట్?" రెండు. "కెన్ యూ రైట్ ఇట్ డౌన్?" మూడు. నాలుగో వేలు పట్టుకుని ఆగి, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగానంది. ఆ అమ్మాయి పేరెందుకన్నాను. చీటీ తిప్పి చూపించింది. వెనక ఆ పేరు రాసి ఉంది, ఈసారి ఆవిడ రాతలో. మళ్ళీ ఏదైనా తేడా వస్తే ఎవరు చెప్పారో చెప్పాలి కదా మాయెస్త్రా, అంది. మాయెస్త్రా అంటే టీచరమ్మ. ఆ నాలుగో ప్రశ్న అక్కడ అడగాలని నేను నేర్పలేదు.

ఆ రోజు క్లాసు అయిపోయాక అందరూ కోట్లు వేసుకుంటున్నారు. ఆవిడ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. పెదాలు కదుపుతూ ఒక్క క్షణం లోపల సర్దుకుంది.

"డూ వి హ్యావ్ క్లాస్ ఆన్ థర్స్‌డే?"

"నో, వి డోంట్," అన్నాను. "ఈ గురువారం థాంక్స్‌గివింగ్."

"ఓకే," అని, మళ్ళీ, "నెక్స్ట్ ట్యూస్‌డే?"

"ఎస్. నెక్స్ట్ ట్యూస్‌డే."